గేర్ లేటుగా పడుతోందా? ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అన్న మాట నమ్మే ముందు ఇది వినండి

వీడియో ఎపిసోడ్‌కి రాత రూపం

ఈ రోజు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ ఎస్‌యూవీ కొన్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు చివరిదాకా చూడండి. ఇక్కడ చిన్న విషయం పట్టించుకోకపోతే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది.

మనకి తరచుగా వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది. “అన్నా, బీఎండబ్ల్యూ ఎక్స్5 తీసుకున్నా. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే డీ లో వేస్తే ఒక సెకండ్ ఆగి ‘ధడ్’ మని పడుతోంది. సిగ్నల్ దగ్గర స్లో చేస్తే వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు. ఒకచోట అడిగితే గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదన్నారు. ఇంకోచోట అడిగితే ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్సే పోతుంది, ముట్టుకోవద్దన్నారు. ఎవరి మాట వినాలి?”

గమనించారా? ఇద్దరూ చెప్పింది ఒకటే, మార్చొద్దని. కారణాలు మాత్రం వేరు. ఒకాయన ఆయిల్ చెడదంటున్నాడు. ఇంకొకాయన ఎంత చెడిందంటే ముట్టుకోకూడదంటున్నాడు. రెండూ ఒకేసారి నిజం కాలేవు కదా. అందుకే మొదటి నుంచి చూద్దాం.

లోపల జరిగేది ఏంటి?

ఎక్స్5 నే ఉదాహరణగా తీసుకుందాం. 2010 ఫేస్‌లిఫ్ట్ నుంచి ఈ బండికి వచ్చేది జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ తయారుచేసే 8హెచ్‌పీ గేర్‌బాక్స్. ఇది మొదట 2009లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చింది. తర్వాత రేంజ్ రోవర్, ఆడి క్యూ7, జీప్ గ్రాండ్ చెరోకీ లాంటి చాలా బండ్లలోకి వెళ్లింది. కాబట్టి మీది బీఎండబ్ల్యూ కాకపోయినా లోపల ఇదే పెట్టె ఉండే అవకాశం ఉంది.

మాన్యువల్ బండిలో క్లచ్ మీ కాలితో నొక్కుతారు, గేర్ చేత్తో వేస్తారు. ఇందులో ఆ రెండు పనులూ ఆయిల్ ప్రెజర్ చేస్తుంది. ఎనిమిది గేర్లకీ లోపల ఉండేవి నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు, వాటిని పట్టుకునేవి ఐదు. ఆ ఐదింటిలో మూడు క్లచ్‌లు, రెండు బ్రేకులు. ఏ గేర్‌లో ఉన్నా వీటిలో మూడు బిగిసి ఉంటాయి, రెండు వదులుగా ఉంటాయి. మూడు నుంచి నాలుగుకి మారాలంటే ఒకటి వదలాలి, అదే క్షణంలో ఇంకొకటి పట్టుకోవాలి. ముందే వదిలితే ఇంజిన్ ఊరికే అరుస్తుంది. లేటుగా వదిలితే రెండూ పోట్లాడుకుని బండి కుదుపు ఇస్తుంది. ఇదంతా సెకండ్‌లో చిన్న భాగంలో అయిపోవాలి.

ఈ లెక్కంతా చూసేది మెకట్రానిక్ యూనిట్. అంటే కంప్యూటరూ, వాల్వ్ బాడీ, సోలెనాయిడ్లూ కలిసిన ఒకే ముక్క. ఇది గేర్‌బాక్స్ లోపలే, ఆయిల్‌లో మునిగి ఉంటుంది. ఏ క్లచ్‌కి ఎంత ప్రెజర్‌తో ఎంతసేపు ఆయిల్ పంపాలో ఇదే చూసుకుంటుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ లెక్కని కొద్దికొద్దిగా సర్దుకుంటూ పోతుంది. దాన్నే అడాప్టేషన్ అంటారు.

ఇప్పుడు అసలు పాయింట్. ఇందులో ఆయిల్ అంటే ఒట్టి కందెన కాదు. దానికి నాలుగు ఉద్యోగాలున్నాయి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పంపాలి. క్లచ్‌లని ప్రెజర్‌తో నొక్కాలి. గేర్లు అరగకుండా చూడాలి. వేడిని కూలర్ దాకా మోసుకెళ్లాలి. వీటితోపాటు ఇంకో విచిత్రమైన పని ఉంది. గేర్ల దగ్గర జారుడుగా ఉండాలి, క్లచ్ ప్లేట్ల దగ్గర మాత్రం సరైన పట్టు ఇవ్వాలి. ఒకే నూనె ఒకచోట జారాలి, ఒకచోట పట్టాలి. ఈ పట్టుని అదుపులో పెట్టే రసాయనాలనే ఫ్రిక్షన్ మాడిఫయర్లు అంటారు.

వీటి విలువ తెలియాలంటే ఒక పాత సంగతి చెప్తా. ఒకప్పుడు అమెరికాలో ఆటోమేటిక్ ఆయిల్‌లో ఈ పనికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో ఆ నూనె వాడకం చట్టప్రకారం ఆగిపోయాక, మొదట్లో దాని బదులు వాడినవి సరిపోక గేర్‌బాక్సుల్లో ఇబ్బందులు వచ్చాయి. గేర్‌బాక్స్ అదే, మారింది నూనెలో కలిపేది మాత్రమే. అయినా తేడా తెలిసిపోయింది.

మరి ఆయిల్ ఎందుకు చెడుతుంది?

సాయంత్రం బజ్జీల బండి దగ్గర మూకుడులో నూనె చూశారా? మొదటి వాయికి బంగారు రంగులో ఉంటుంది. పదో వాయికి నల్లబడి, చిక్కబడి, ఒక వాసన వస్తుంది. పోసింది మంచి నూనే. వేడి దాన్ని మార్చేసింది. గేర్‌బాక్స్ ఆయిల్‌కీ అదే జరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. వేడి పెరిగేకొద్దీ నూనె ఆక్సీకరణ వేగం పెరుగుతుంది. ప్రతి 10 డిగ్రీలకీ ఆ వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క.

దీనికి తోడు క్లచ్ ప్లేట్ల నుంచి రాలే సన్నటి పొడి, లోహపు నుసి కూడా అందులోనే చేరతాయి. పొడిలో కొంత ఫిల్టర్ ఆపుతుంది. నుసిలో చాలావరకు ఛాంబర్ అడుగున ఉన్న అయస్కాంతాలు పట్టుకుంటాయి. మిగిలింది తిరుగుతూనే ఉంటుంది. సోలెనాయిడ్లలో, వాల్వుల్లో సందులు చాలా సన్నం. అక్కడ కాస్త మడ్డి చేరినా ప్రెజర్ అనుకున్న టైమ్‌కి అందదు. మీకు తెలిసే ‘లేటు’ అదే.

మన రోడ్ల సంగతి కూడా చూడండి. మే నెల, హైదరాబాద్, సాయంత్రం ఆరు, ఐటీ కారిడార్ ట్రాఫిక్. ఏసీ ఫుల్. బండి పది అడుగులు కదలడం, ఆగడం. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి ఒకటి, గంటలో వందల సార్లు. గాలి తగలదు కాబట్టి కూలర్‌కి ఊపిరాడదు. మీటర్‌లో పెరిగేది పది కిలోమీటర్లే, గేర్‌బాక్స్ చేసిన చాకిరీ మాత్రం హైవే మీద ఎన్నో రెట్లు తిరిగినంత. అందుకే సిటీ బండికి కిలోమీటర్ల లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు.

లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్?

‘లైఫ్‌టైమ్ ఫిల్’ అనే మాట బండి కంపెనీల వైపు నుంచి వచ్చింది. మొదటి ఓనర్‌కి సర్వీస్ ఖర్చు తక్కువగా కనిపిస్తుంది, అది అమ్మకానికి పనికొస్తుంది. వారంటీ ఉన్నన్నాళ్లు సాధారణంగా ఆ ఆయిల్ నెట్టుకొస్తుంది కూడా. కాబట్టి ఆ మాట పూర్తి అబద్ధం అనను. కాకపోతే మీరు కొన్నది మూడో ఓనర్‌గా, తొమ్మిదేళ్ల బండి. ఆ ‘లైఫ్’ లెక్కలో మీరు లేరు.

గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ ఏమంటుందో చూడండి. వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి, ఆయిల్ మార్చమని ఆ కంపెనీయే సలహా ఇస్తుంది. ఆయిల్, ఫిల్టర్ ఉన్న ఛాంబర్, బోల్టులు అన్నీ కలిపి కిట్‌గా అమ్ముతుంది కూడా. ఎప్పటికీ మార్చక్కర్లేకపోతే ఆ కిట్ ఎందుకు చెప్పండి?

నా మాట అడిగితే, మన ఎండకీ మన ట్రాఫిక్‌కీ 80,000 వైపే ఉండండి. పూర్తిగా సిటీలోనే తిరిగే బండైతే ఇంకాస్త ముందే చేయించినా నష్టం లేదు.

ఆయిల్ అడుగుతోందని ఎలా తెలుస్తుంది?

ఒక్కొక్కటి చెప్తా, మీ బండితో పోల్చుకోండి.

పొద్దున్న మొదటిసారి పీ నుంచి ఆర్ లోకో, డీ లోకో వేస్తే ఒకటి రెండు సెకండ్లు ఏమీ జరగక, తర్వాత ఒక్కసారిగా పట్టడం.

ఆగబోతున్నప్పుడు మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగే దగ్గర కుదుపు.

50 నుంచి 80 వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి వెళ్తుంటే, రోడ్డు పక్కన గరుకు గీతల మీద నడిచినట్టు సన్నటి వణుకు. కాస్త గట్టిగా నొక్కినా, పూర్తిగా వదిలినా పోతుంది. ఇది ఎక్కువగా టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ సంగతి. ఆయిల్‌లో పట్టు ఇచ్చే రసాయనాలు తగ్గితే ఇలా వస్తుంది.

ఓవర్‌టేక్ కోసం నొక్కితే గేర్ దిగడానికి మునుపటికన్నా ఎక్కువ టైమ్ తీసుకోవడం.

ఈ నాలుగూ కొత్తగా మొదలై, తేలిగ్గా ఉంటే, ఆయిల్ మార్పుతో తగ్గే అవకాశం బాగానే ఉంది.

కానీ గేర్ మారేటప్పుడు ఆర్‌పీఎం జివ్వున పైకి లేచి బండి మాత్రం ముందుకి పోకపోతే, రివర్స్ అసలు పడకపోతే, ‘ట్రాన్స్‌మిషన్ ఫాల్ట్’ అని మెసేజ్ వచ్చి బండి ఒకే గేర్‌లో ఇరుక్కుంటే, కథ వేరు. అక్కడ ముందు స్కానింగ్, ఆ తర్వాతే ఆయిల్ మాట.

ఒక్క నిమిషం, తప్పు గేర్‌బాక్స్‌దేనా?

బండి లేజీగా ఉందంటే అందరి వేలూ గేర్‌బాక్స్ వైపే. కానీ డ్రైవింగ్ మోడ్ ఈకోలో ఉంటే యాక్సిలరేటర్ కావాలనే మందంగా స్పందిస్తుంది, గేర్లు కూడా తొందరగా పైకి వెళ్లిపోతాయి. ముందు స్పోర్ట్‌లో వేసి చూడండి. తేడా అంతా పోయిందంటే అది జబ్బు కాదు, మోడ్.

డీజిల్ బండిలో టర్బో పైపు ఎక్కడో గాలి వదులుతున్నా, డీపీఎఫ్ పూడుకుపోయినా పికప్ పోతుంది. గేర్ సరిగ్గానే పడుతుంది, లాగడానికి ఇంజిన్‌లో బలం ఉండదు. ఇంజిన్ మౌంట్లు పోయినా డీ లో వేసినప్పుడు ‘ధడ్’ మంటుంది. బ్యాటరీ వీక్ అయినా ఇలాంటి బండ్లలో లేనిపోని ఎర్రర్లు వస్తాయి.

ఎక్స్5 వాళ్లకి ఇంకోటి. ఇది నాలుగు చక్రాల డ్రైవ్. ముందు టైర్లు కొత్తవి, వెనక అరిగినవి, లేదా ఒక్కో కంపెనీది ఒక్కోటి అయితే చక్రాలు తిరిగే లెక్క కుదరదు. ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడి, ఎత్తుకునేటప్పుడు కుదుపు వస్తుంది. చాలామంది దీన్నే గేర్‌బాక్స్ జబ్బు అనుకుని డబ్బు పోస్తారు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వేరే ఆయిల్ ఉంటుందని కూడా గుర్తుపెట్టుకోండి.

మార్పించేటప్పుడు ఏం చూడాలి?

మొదటిది, సరైన ఆయిల్. 8హెచ్‌పీకి జెడ్‌ఎఫ్ లైఫ్‌గార్డ్ ఫ్లూయిడ్ 8, లేదా బండి కంపెనీ ఆ గేర్‌బాక్స్‌కి ఆమోదించింది. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ ఎర్రగా ఉంటుంది, ఇది ఆకుపచ్చగా ఉంటుంది. “అన్నిటికీ పనికొచ్చేది ఉంది సార్, పోసేద్దాం” అంటే వద్దనండి. 2010కి ముందు ఎక్స్5 లో ఉన్న ఆరు గేర్ల 6హెచ్‌పీకి వేరే ఆయిల్. మీ గేర్‌బాక్స్ ఏదో ఛాసిస్ నంబర్‌తో తేల్చుకున్నాకే డబ్బా కొనండి.

రెండోది, ఛాంబర్. ఎక్స్5 లాంటి బండ్లలో ఈ గేర్‌బాక్స్ అడుగున ఉండే ఛాంబర్ ప్లాస్టిక్‌ది. ఫిల్టర్ అందులోనే కలిసిపోయి ఉంటుంది. అంటే ఫిల్టర్ మార్చాలంటే మొత్తం ఛాంబరే మార్చాలి. ఆయిల్ దించి కొత్తది పోసి పంపిస్తే సగం పనే అయినట్టు. వేడికి ఆ ప్లాస్టిక్ వంగి, గ్యాస్కెట్ దగ్గర చెమ్మ కారడం కూడా మామూలే.

మూడోది, అందరూ తప్పు చేసేది ఇక్కడే. లెవెల్. దీనికి డిప్‌స్టిక్ ఉండదు. బండిని లిఫ్ట్ మీద సమంగా ఎత్తి, పక్కనున్న ఫిల్లర్ రంధ్రం నుంచి కారేదాకా పోయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద ఉంచి ఒక్కో గేర్ వేసి చూసి, ఇంజిన్ ఆపకుండానే మళ్లీ నింపాలి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి స్కానర్‌లో సుమారు 40 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు సన్నగా ధార కారుతుంటే లెవెల్ సరిపోయినట్టు. అప్పుడు బిరడా బిగించాలి. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది కాబట్టి, 70 డిగ్రీల దగ్గర లెవెల్ చూస్తే నిండినట్టే కనిపిస్తుంది, చల్లారాక తక్కువ పడుతుంది. మన ఎండాకాలంలో మధ్యాహ్నం బండి తోలుకొచ్చి వెంటనే చేయించారంటే ఆ 40 దొరకనే దొరకదు. రాత్రంతా షెడ్డులో వదిలేసి, పొద్దున్నే చేయించండి. స్కానర్ లేకుండా చేస్తామనేవాళ్ల దగ్గరకి వెళ్లొద్దు.

నాలుగోది, ఎంత ఆయిల్ మారుతుంది? మొత్తం సుమారు 9 లీటర్లు పట్టే గేర్‌బాక్స్‌లో ఛాంబర్ విప్పితే దిగేది 5 నుంచి 6 లీటర్లు. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. ఐదున్నర దిగిందనుకుంటే, మార్పు తర్వాత కూడా లోపల దాదాపు 40 శాతం పాతదే. అందుకే ఆయిల్ బాగా నల్లగా ఉన్న బండికి కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి దించి పోస్తే పాతది 15 శాతం దగ్గరకి వస్తుంది. రెండోసారి ఫిల్టర్ మార్చక్కర్లేదు.

పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడండి. పాత ఛాంబర్‌లో అయస్కాంతాలు చూపించమనండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉంటే మామూలే, అది అరుగుదల. మెరిసే రజను, ముక్కలు కనిపిస్తే లోపల ఏదో విరుగుతోందని అర్థం. ఆయిల్‌లో మాడిన వాసన ఉంటే క్లచ్ ప్లేట్లు కాలినట్టు.

మారిస్తే గేర్‌బాక్స్ పోతుందా?

ఈ భయం ఊరికే పుట్టలేదు. చాలామంది ఆయిల్ గుర్తుచేసుకునేది ఎప్పుడు? గేర్‌బాక్స్ జారడం మొదలయ్యాక. అప్పటికే ప్లేట్లు అయిపోయాయి. ఆయిల్ మారుస్తారు, నెలకి గేర్‌బాక్స్ కూర్చుంటుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. చివరి ఘడియల్లో ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టర్ వల్లే పోయాడు అన్నట్టు.

నిజంగా ప్రమాదం తెచ్చేవి మూడున్నాయి. తప్పు ఆయిల్ పోయడం. లెవెల్ తక్కువ ఉంచడం. మడ్డి పట్టిన గేర్‌బాక్స్‌ని మెషీన్‌తో ప్రెజర్ పెట్టి ఫ్లష్ చేయడం, దాంతో ఎక్కడో పడి ఉన్న మురికి లేచి వాల్వుల్లో ఇరుక్కోవచ్చు. బాగా తిరిగిన బండికి ఎప్పుడూ ఆయిల్ మార్చలేదంటే ఫ్లష్ వద్దు, మామూలుగా దించి పోయించండి.

ఇంకో మాట. మార్చిన మొదటి రోజే బండి వెన్నలా నడవాలని చూడొద్దు. కంప్యూటర్ ఇన్నాళ్లూ పాత ఆయిల్‌కి అలవాటుపడి ఉంది. కొన్నిచోట్ల అడాప్టేషన్ రీసెట్ చేస్తారు, ఆ తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది. కొన్ని రోజులు తేలిగ్గా, అన్ని గేర్లూ పడేలా నడపండి.

ఇంకా కొననివాళ్లకి

బడ్జెట్ సెడాన్ రేటుకి పాత ఎక్స్5 వస్తోందని చూసి మనసు లాగుతుంది. నాకూ తెలుసు. కానీ బండి రేటు తగ్గింది, పార్ట్స్ రేటు తగ్గలేదు. కొనేముందు ఇవి చేయండి.

బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, “స్టార్ట్ చేసి ఉంచా సార్” అంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి. కోల్డ్ స్టార్ట్‌లో పీ, ఆర్, డీ వేసి చూడండి. తేలిగ్గా నొక్కుతూ ఎనిమిదో గేర్ దాకా వెళ్లండి, నెమ్మదిగా ఆపండి. కింద చెమ్మ ఉందేమో లిఫ్ట్ మీద చూడండి. స్కాన్ చేయించండి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. “లైఫ్‌టైమ్ సార్” అన్నారంటే, ఆ ఖర్చు రేటులో తగ్గించమని బేరమాడండి.

ఇక మొదట్లో చెప్పిన ప్రశ్నకి జవాబు. లక్షా పది వేలు తిరిగింది, ఆర్‌పీఎం జారట్లేదు, కుదుపు తేలిగ్గా ఉంది. ముందు టైర్లు, మౌంట్లు, బ్యాటరీ చూపించు తమ్ముడూ. స్కాన్‌లో ఏమీ లేకపోతే ఛాంబర్‌తో సహా ఆయిల్ మార్పించేయ్. ఇప్పుడైతే ఖర్చు వేలల్లో ఉంటుంది. జారడం మొదలయ్యేదాకా ఆగితే లక్షల్లో. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

మీ బండి మోడల్, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు, ఏ వేగంలో ఇబ్బంది వస్తోంది, ఇవన్నీ రాసి అడిగితే జవాబు చెప్పడం తేలిక. ‘గేర్‌బాక్స్ ప్రాబ్లం అన్నా’ అని ఒక్క ముక్క రాస్తే నేనే కాదు, ఏ మెకానిక్కూ చెప్పలేడు. వచ్చే ఎపిసోడ్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్, డిఫరెన్షియల్ ఆయిల్స్ గురించి చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్తగా నడపండి.